రేకుల ఇల్లు తుపానుకు నిలబడాలంటే: తీగ, బోల్టు, ఇసక బస్తా, వారం నీళ్ళు

నమస్కారమండీ. ఇచ్ఛాపురం నుంచి పూసపాటిరేగ, భోగాపురం దాకా తీరం పక్క ఊళ్ళల్లో సిమెంటు రేకుల ఇళ్ళల్లో ఉంటున్నవాళ్ళ కోసం ఈ వీడియో.

ముందు పెద్ద తుపాన్ల తేదీలు గుర్తు చేసుకుందాం. పైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014, మళ్ళీ అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11, తెల్లారగట్ల. గులాబ్ కాస్త ముందుగా, 2021 సెప్టెంబరు 26. అన్నీ దసరాకు అటూ ఇటూనే. కాబట్టి పైకప్పు పని వినాయక చవితి నాటికి అయిపోవాలి. హెచ్చరిక వచ్చాక మొదలెడితే షాపులో బోల్టులు ఉండవు, పనివాడు దొరకడు, రేకు తడిసి కాలు జారుతుంది.

ఇప్పుడు గాలి రేకును ఏం చేస్తుందో చూడండి. చాలామంది గాలి పైనుంచి నొక్కుతుందనుకుంటారు. కాదు, రేకును పైకి లాగుతుంది. గంటకు 150 కిలోమీటర్ల గాలి, అంటే తిత్లీ నాటి గాలి, చదరపు మీటరుకు 100 కేజీల పైచిలుకు బలం చూపిస్తుంది. పదడుగుల సిమెంటు రేకు సుమారు 3 చదరపు మీటర్లుంటుంది. అంటే ఒక్కో రేకు మీద 300 కేజీల లాగుడు. రేకు బరువు మాత్రం 40 కేజీలు దాటి కొంచెమే. మిగతా 260 కేజీలు ఎవరు పట్టుకోవాలి? బోల్టు పట్టుకోవాలి. బోల్టును రేకుల కింద ఉండే అడ్డ పైపు, ఆ పైపును గోడ పట్టుకోవాలి. ఇందులో ఏ ఒక్కటి వదిలినా కప్పు లేచిపోయినట్టే. చూరు అంచుల్లో, మూలల్లో, రెండు వాలులు కలిసే కొప్పు దగ్గర ఈ లాగుడు ఇంకా ఎక్కువ. అందుకే ఎప్పుడూ మూల రేకే ముందు లేస్తుంది.

ఎక్కే ముందు ఒక్క మాట. సిమెంటు రేకు మీద నేరుగా అడుగు పెట్టకండి. పాత రేకు మనిషి బరువుకు విరిగి లోపలికి పడేస్తుంది. కనీసం రెండు అడ్డ పైపుల మీద ఆనేలా పొడుగు చెక్క వేసుకుని, దాని మీద నడవండి. కింద నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి.

ఇదిగో, జె బోల్టు. 8 మిల్లీమీటర్లది తీసుకోండి. వంపు ఉన్న కొస అడ్డ పైపును కింద నుంచి పట్టుకుంటుంది, మర ఉన్న కొస రేకు పైకి వస్తుంది. రంధ్రం డ్రిల్లుతోనే వేయాలి, మేకు పెట్టి సుత్తితో కొడితే రేకు నెర్రె విడుస్తుంది. ఆ నెర్రె ఇవాళ కనిపించదు, గాలిలో అక్కడే చీలుతుంది. రంధ్రం బోల్టు కన్నా కొంచెం పెద్దది, 10 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కడ వేయాలి? అల ఎత్తు మీద. పల్లంలో వేస్తే వాన నీళ్ళన్నీ ఆ రంధ్రం మీదుగానే పారతాయి. తర్వాత రబ్బరు వాషరు, దాని మీద ఇనప వాషరు, ఆపైన నట్టు. రబ్బరు వాషరు రేకుకు ఒత్తుకుని కదలకుండా కూర్చోగానే ఆపండి. బలంగా ఉండాలని ఇంకా తిప్పితే రేకు పగులుతుంది. ఒక్కో రేకుకు ఒక్కో అడ్డ పైపు దగ్గర రెండేసి బోల్టులు. చూరు, కొప్పు, రెండు పక్క అంచుల్లో ఇంకా దగ్గర దగ్గరగా వేయండి. పాత బోల్టులు తుప్పు పట్టి సన్నబడి ఉంటే వాటిని నమ్మకండి, మార్చేయండి. పైపుల బదులు తాటి కర్రలు వాడినవాళ్ళు ఒక స్క్రూడ్రైవరు తీసుకుని గోడ మీద ఆనే కొసల దగ్గర గుచ్చి చూడండి. సులువుగా దిగితే చెద తినేసినట్టే, ఆ కర్ర మార్చాలి.

ఇక అసలు బలహీనత ఇక్కడుంది, ఈ గోడ పైన చూడండి. పైపును గోడ మీద పెట్టి చుట్టూ సిమెంటు మెత్తి వదిలేశారు. బోల్టులు ఎన్ని వేసినా గాలికి రేకులూ పైపులూ కలిసి మొత్తం కప్పు ఒక్కసారిగా లేస్తుంది. పైవరస ఇటుకలకు కడితే ఆ ఇటుకలూ కప్పుతోనే పోతాయి. అందుకని పైపు నుంచి 3 అడుగులు కిందకు దిగి గోడకు ఇవతల నుంచి అవతలికి రంధ్రం వేయండి. 8 గేజి జీఐ తీగ, అంటే జింకు పూత ఉన్న ఇనప తీగ, రెండు పోగులు చేసి, ఆ రంధ్రంలోంచి దూర్చి, గోడకు రెండు వైపులా పైకి తెచ్చి పైపు మీద చుట్టండి. తీగలో చిన్న ఇనప కడ్డీ పెట్టి బిగుతు వచ్చేదాకా మెలితిప్పండి. ఇప్పుడు కప్పు లేవాలంటే 3 అడుగుల గోడ బరువును కూడా లేపాలి. నాలుగు పైపులున్న గదికి ఎనిమిది కొసలు. ఒక్కో కొసకు 20 అడుగుల తీగ, మొత్తం 160 అడుగులు, తూకంలో సుమారు 5 కేజీలు. రంధ్రాన్ని సిమెంటుతో పూడ్చి, తీగకు రంగు పూయండి. ఉప్పుగాలికి తీగ త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి ఏటా వేసవిలో ఒకసారి చూసుకోండి.

ఇసక బస్తాల విషయం. 25 కేజీల బస్తా 300 కేజీల లాగుడును ఆపలేదు. బోల్టులూ తీగా ఉన్న ఇంటికి అది అదనపు సాయం మాత్రమే, రేకు టపటపలాడకుండా చూస్తుంది. బస్తా సగం నింపి మూతి గట్టిగా కట్టండి. రెండేసి బస్తాలు ఒకే తాడుకు కట్టి, కొప్పుకు చెరో వైపు వేలాడేలా, అడ్డ పైపు ఉన్న వరస మీదే వేయండి. రేకు నడుమ వేస్తే రేకు విరుగుతుంది. కట్టకుండా వదిలిన బస్తా జారి కింద ఉన్న మనిషి నెత్తిన పడుతుంది. తాటాకు పాకకైతే పాత చేపల వల మొత్తం కప్పేసి, నాలుగు వైపులా గుంజలు పాతి కట్టండి.

ఇంత కట్టినా, ఆ రాత్రి ఆ ఇంట్లో ఉండమని మేం చెప్పడం లేదు. ఈ పనంతా కప్పు కోసం, ఇంట్లో బియ్యం, బట్టలు, మంచాల కోసం. మనుషులు తుపాను షెల్టరుకో, స్లాబు వేసిన బడికో వెలుగుండగానే వెళ్ళిపోవాలి. పశువుల పలుపులు విప్పేయండి, కట్టేసిన పశువు తప్పించుకోలేదు. వెళ్ళే ముందు మెయిన్ స్విచ్ ఆపండి, గ్యాసు సిలిండరు ఆపేయండి, తలుపులూ కిటికీలూ గట్టిగా బిగించండి. గాలి లోపలికి దూరితే కప్పును కింద నుంచి కూడా తోస్తుంది.

గాలి ఉన్నట్టుండి ఆగిపోతే బయటకు రాకండి. తుపాను కన్ను మన మీదుగా దాటుతుంటే కాసేపు ప్రశాంతంగా ఉండి, తర్వాత ఎదురు దిక్కు నుంచి అంతే గాలి వస్తుంది. అప్పటికే సగం ఊగిపోయిన చెట్లు, గోడలు ఆ రెండో గాలికే కూలతాయి. తుపాను దాటిపోయిందని అధికారులు చెప్పేదాకా ఆగండి.

నీళ్ళ సంగతి. తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్ళల్లో రోజుల తరబడి కరెంటు రాలేదు. కరెంటు లేకపోతే బోరు మోటారు లేదు, మిల్లు లేదు, సెల్ టవరు లేదు, ఏటీఎం లేదు. మూడు రోజుల సామాను చాలదు, వారానికి లెక్క వేసుకోండి. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 4 లీటర్లు. ఐదుగురికి వారానికి 140 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఏడు. మేడ మీది ట్యాంకు కూడా నిండుగా పట్టండి. 500 లీటర్ల ట్యాంకు నిండితే అర టన్ను బరువు, గాలికి కదలదు. ఖాళీ ట్యాంకు ఎగిరి పక్కింటి మీద పడుతుంది. ధాన్యం, చోళ్ళు (రాగులు) ముందే మర ఆడించేసుకోండి. చిన్న నోట్లు, అగ్గిపెట్టెలు, ఆధార్, పట్టాదారు పాస్‌బుక్కు ప్లాస్టిక్ సంచిలో కట్టి, చేతికందేలా ఉంచండి.

ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళుంటే ఈ మాట తప్పక వినండి. ఉద్దానంలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. హెచ్చరిక రాగానే మీ డయాలసిస్ సెంటరుకు ఫోన్ చేసి, గాలికి ముందే చేయించుకునే వీలుందేమో అడగండి. మందులు పది రోజులకు తెచ్చుకోండి. తుపాను తర్వాత తోటల నిండా కొబ్బరి బొండాలు రాలి ఉంటాయి, నీళ్ళు దొరక్క అందరూ అవే తాగుతారు. కిడ్నీ రోగులకు మాత్రం అవి ఇవ్వకండి. బొండాం నీళ్ళలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ పనిచేయనివాళ్ళలో అది పేరుకుపోతే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. వాళ్ళ కోసం రెండు క్యాన్ల మంచినీళ్ళు విడిగా పెట్టండి. ఎంత తాగాలో డాక్టరు చెప్పిన కొలతే పాటించండి.

గాలి తగ్గాక తెగిపడిన కరెంటు తీగ దగ్గరికి పోకండి, 1912కు ఫోన్ చేయండి. సాయం కోసం 112, విపత్తుల కంట్రోల్ రూముకు 1070.

వరద నీళ్ళు చేరిన బావిని ముందు తోడేయాలి. తర్వాత బ్లీచింగ్. మామూలు మోతాదు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. బావి అడ్డం 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు ఉంటే సుమారు 9,400 లీటర్లు, దానికి 24 గ్రాములు. పొడిని నేరుగా బావిలో పోయకండి. బకెట్లో కొంచెం నీళ్ళతో ముద్ద చేసి, ముప్పావు బకెట్ నీళ్ళు కలిపి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్ళు వేరే బకెట్లోకి వంచి, ఆ బకెట్ బావిలోకి దించి పైకీ కిందికీ కదపండి. గంట ఆగి వాసన చూడండి. క్లోరిన్ వాసన రాకపోతే మళ్ళీ అంతే వేయాలి. ఎప్పుడో విప్పి పెట్టిన పాత బ్లీచింగ్ సంచిలో ఘాటు పోయి ఉంటుంది, కొత్తది వాడండి.

విరిగిన రేకులు, పడిన చెట్లు తీసేసే ముందు ఇంటి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళకు రేకుల లెక్క, చెట్ల లెక్క చూపించండి. వాళ్ళు రాసిన జాబితాలో మీ పేరు, మీ సర్వే నంబరు సరిగ్గా పడ్డాయో లేదో మీ గ్రామ సచివాలయంలో అడిగి చూసుకోండి.