ఆపరేషన్ అయ్యాక ఊపిరి తిరిగి రాకపోతే: బీసీహెచ్ఈ జన్యువు

[దృశ్యం: థియేటర్, వెంటిలేటర్ చప్పుడు]

ఆపరేషన్ ముగిసింది. బీపీ, పల్స్ బాగానే ఉన్నాయి. పేషెంట్ మాత్రం వేలు కూడా కదపడం లేదు, సొంతంగా ఊపిరి తీసుకోవడం లేదు. గొంతులోకి ట్యూబు వేయడానికి సక్సినైల్‌కోలిన్ వాడి ఉంటే అనస్థీషియా డాక్టర్ అనుమానం ముందు దాని మీదికే పోతుంది.

కండరాలను వదులు చేసే మందు ఇది. కిలో బరువుకు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు ఇస్తే నిమిషంలో పనిచేస్తుంది, పది నిమిషాల్లో దిగిపోతుంది. దింపేది కాలేయంలో తయారై రక్తంలో తిరిగే బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్. మందులో ఎక్కువ భాగాన్ని కండరానికి చేరకముందే ఇది విరిచేస్తుంది. ఎంజైమ్ లేనివాళ్లకు మామూలు డోసే భారీ డోసు అవుతుంది. ప్రభావం గంటల తరబడి ఉంటుంది.

[గ్రాఫిక్: 3వ క్రోమోజోమ్]

ఎంజైమ్‌కు కారణమైన బీసీహెచ్ఈ జన్యువు ఇక్కడుంది. ఆర్యవైశ్యుల్లో ఎక్కువగా కనిపించే మార్పులో, ఎంజైమ్ గొలుసులోని 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ప్రోలిన్ వస్తుంది. దాంతో ఎంజైమ్ నిలదొక్కుకోలేదు. రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. ఈ సమాజంలోనే ఎందుకు ఎక్కువ? హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, వందకు పైగా తరాల కిందట కొద్దిమంది పూర్వీకులతో మొదలై, బయటి సంబంధాలు చాలా తక్కువగా కలుపుకున్న సమూహమిది. మేనరికం లేకపోయినా దంపతులిద్దరిలో ఒకే మార్పు ఉండొచ్చు. ఇద్దరిలోనూ మారిన కాపీ ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులో బిడ్డకు మారిన రెండు కాపీలూ వచ్చే అవకాశం 25 శాతం.

ఆపరేషన్ అయ్యాక ఇలా ఊపిరి రాని స్థితి ఎదురైతే వెంటిలేటర్ ఆపకూడదు, మత్తూ ఆపకూడదు. మత్తు ఆపితే మెలకువ వస్తుంది, ఒళ్లు కదలదు. అంతకన్నా భయంకరం ఇంకోటి లేదు. కొన్ని కండరాల మందుల ప్రభావాన్ని దించడానికి వాడే నియోస్టిగ్మిన్‌తో తొందరపడితే అది మిగిలిన కాస్త ఎంజైమ్‌నూ అడ్డుకుంటుంది. ఓపిక పట్టడమే మందు.

[దృశ్యం: ల్యాబ్ రిపోర్ట్]

ఈ ఎంజైమ్‌ను కొలిచే సీరమ్ కోలినెస్టరేజ్ పరీక్షకు కాస్త రక్తం చాలు. ఫలితం చదవడంలోనే పొరపాట్లు జరుగుతాయి. పురుగుమందు విషప్రభావం, కాలేయ జబ్బు, గర్భం కూడా విలువను తగ్గిస్తాయి. ప్లాస్మా ఎక్కించాక రక్తం తీస్తే దాత ఎంజైమ్ కలిసి లోపం మరుగున పడుతుంది. డైబుకైన్ అనే మందు ఎంజైమ్‌ను ఎంత శాతం అడ్డుకుంటుందో చెప్పే డైబుకైన్ నంబర్ అడుగుతారు గానీ, ఎంజైమే దాదాపు లేనప్పుడు ఆ లెక్కకు విలువ లేదు. తేల్చేది జన్యు పరీక్షే.

ఒకరికి తేలితే తోబుట్టువులందరికీ చేయించాలి. రిపోర్ట్ కాపీ ఆపరేషన్‌కు ముందే అనస్థీషియా డాక్టర్ చేతికివ్వాలి. సక్సినైల్‌కోలిన్‌తో పాటు కండరాలను వదులు చేసే మరో మందు మివాక్యూరియం కూడా వద్దని రాయించుకోవాలి, దాన్ని విరిచేదీ ఈ ఎంజైమే. బదులుగా అదే పని చేసే రోక్యురోనియం వాడొచ్చు. సుగమ్మడెక్స్ అనే మందుతో దాని ప్రభావాన్ని దించడానికి ఈ ఎంజైమ్‌తో పనిలేదు.