బంతిపూల లుటీన్ మీద ఫెమ్టోసెకండ్ లేజర్: పంప్-ప్రోబ్ రివ్యూ

నమస్తే. ఇయ్యాల్టి రివ్యూ పంప్-ప్రోబ్ పద్ధతి (ఒక లేజర్ తళుకుతో అణువును లేపి, కొంచెం ఆలస్యంగ ఇంకో తళుకుతో చూసుడు) మీద, అది కూడా కెరోటినాయిడ్ల (లుటీన్ లాంటి పసుపు, ఎరుపు మొక్కల రంగులు) వరకే. నల్లగొండ, పాలమూరు వైపు పరిశోధన చేసేటోళ్లు శాంపిల్ ఇక్కడ తయారుచేసుకొని, హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్‌ఆర్ (టాటా పరిశోధన సంస్థ) లాంటి చోట లేజర్ టైమ్ అడుగుతరు. ఆ టైమ్ దండగ కావొద్దంటే సగం పని ఇక్కడే కావాలె.

ఈ పద్ధతే ఎందుకు? కెరోటినాయిడ్ నీలి వెలుగును పీల్చి ఎస్-2 అనే పై శక్తి స్థితికి ఎక్కుతది. 100 నుంచి 200 ఫెమ్టోసెకండ్లలో దాని కింది ఎస్-1 స్థితికి జారుతది (పికోసెకండ్ అంటే సెకండ్‌ల లక్ష కోట్లో వంతు, ఫెమ్టోసెకండ్ అందుల వెయ్యో వంతు). కింది నుంచి నేరుగా ఎస్-1కు వెలుగుతో ఎక్కించలేం, అణువు సిమెట్రీ (ఆకార పొందిక) ఒప్పుకోదు. ఇగ ఫ్లోరసెన్స్ (పీల్చిన వెలుగును తిరిగి వదులుడు) అంటరా, అది లేనట్టే. ఉన్నా, మామూలు టీసీఎస్‌పీసీకి (ఒక్కో ఫోటాన్ వచ్చిన సమయాన్ని లెక్కపెట్టే పద్ధతి) పదుల పికోసెకండ్ల కంటే తక్కువ సమయం అందదు. అందుకే పంప్‌తో లేపి, తెల్లటి ప్రోబ్‌తో 550 నానోమీటర్ల చుట్టుపక్కల ఎస్-1 పీల్చుకునే వెలుగును చూస్తం.

ఫలితాలు మాత్రం ముచ్చటగ ఉంటయ్. ఎస్-1 ఆయుష్షు బంతిపూల లుటీన్‌కు సుమారు 14 పికోసెకండ్లు, క్యారెట్ బీటా-కెరోటిన్‌కు 9, టమాట లైకోపీన్‌కు 4 నుంచి 5. వరుస డబుల్ బాండ్లు లుటీన్‌లో 10, మిగతా రెండింట్ల 11. ఈ బాండ్ల గొలుసు పెరిగితే ఎస్-1 శక్తి తగ్గి ఆయుష్షు కూడా తగ్గుతది. మరి 11 ఉన్న రెండింటికీ అంత తేడా ఎందుకు? బీటా-కెరోటిన్‌లో చివరి రెండు బాండ్లు రింగుల్లో ఉండి గొలుసు తలం నుంచి మెలిక తిరిగి ఉంటయ్, పూర్తిగా కలవవు. లైకోపీన్‌లో 11 కూడా చక్కగా సాపుగ ఉంటయ్. ఈ మూడింటిని ఒకే రోజు పక్కపక్కన కొలిస్తే మీ సెటప్ మంచిగ ఉన్నదో లేదో తెలిసిపోతది.

శాంపిల్ సంగతి. బతుకమ్మ సీజన్‌లో బంతిపూలకు కొదవ ఉండదు. రేకులు మాత్రమే తెంపుండ్రి, కింది పచ్చభాగం అసలు రావొద్దు. క్లోరోఫిల్ కలిస్తే 660 నానోమీటర్ల దగ్గర బొడిపె కనపడుతది. దాని ఆయుష్షు నానోసెకండ్లల్ల, కాబట్టి సిగ్నల్ సున్నాకు దిగదు. దాన్ని కొత్త స్థితి అనుకొని మోసపోతరు. నీడల ఎండబెట్టి, హెక్సేన్‌లో తీసి, ఆల్కహాల్‌లో కలిపిన కేఓహెచ్‌తో (పొటాషియం హైడ్రాక్సైడ్) చీకట్ల రాత్రంతా ఉంచాలె. లుటీన్‌కు అంటుకున్న కొవ్వు ఆమ్లాలు విడిపోతయ్. నీళ్లతో కడిగి సిలికా కాలమ్ ఎక్కించి, చివరికి ఇథనాల్‌లో కరిగించుండ్రి. శుద్ధ లుటీన్ హెక్సేన్‌లో సరిగ్గ కరగదు.

1 మిల్లీమీటర్ క్యువెట్‌లో (శాంపిల్ పోసే గాజు డబ్బా) అబ్జార్బెన్స్ (వెలుగు పీల్చే మోతాదు) 0.3 నుంచి 0.5 చాలు. బీటా-కెరోటిన్ అయితే హెక్సేన్‌లో 50 మిల్లీలీటర్లకు 1 మిల్లీగ్రామ్ వేస్తే దాదాపు 0.5 వస్తది. బ్రౌన్ సీసా, ఆర్గాన్, ఐస్ బాక్స్ తప్పనిసరి. ఎండాకాలం బస్సుల ఉత్తగ తీసుకపోతే సిస్ ఐసోమర్లు (వంకర తిరిగిన రూపాలు) తయారైతయ్, లుటీన్‌కు 330 నానోమీటర్ల దగ్గర కొత్త బొడిపె లేస్తది. టీహెచ్‌ఎఫ్ అనే ద్రావకం వాడకుండ్రి, పెరాక్సైడ్లు రంగును తినేస్తయ్.

లేజర్ దగ్గర: పంప్‌ను 0-0 పట్టీ (అన్నిటికంటే తక్కువ శక్తితో ఎస్-2కు ఎక్కించే పట్టీ) మీద పెట్టుండ్రి, లుటీన్‌కు 475 నానోమీటర్లు సుమారు. 200 మైక్రాన్ల మచ్చలో 25 నానోజౌల్స్ దాటకుండా చూడుండ్రి. అక్కడికే పది అణువుల్లో ఒకటి లేస్తది. శక్తి సగం చేస్తే సిగ్నల్ కూడా సగం కావాలె. పంప్, ప్రోబ్ పోలరైజేషన్ల మధ్య కోణం 54.7 డిగ్రీలు. ద్రావణం పారాలె, లేకుంటే కలుపుతూ ఉండాలె. ఆలస్యాన్ని మార్చే స్టేజ్ 0.15 మిల్లీమీటర్లు కదిలితే 1 పికోసెకండ్, 100 పికోసెకండ్లకు 15 మిల్లీమీటర్లే.

అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది చర్ప్. తెల్లటి వెలుగులో నీలం, ఎరుపు ఒకేసారి రావు, వందల ఫెమ్టోసెకండ్ల తేడా ఉంటది. ఉత్త ద్రావకంతో ఒక రన్ తీసి, సున్నా సమయం ఏ రంగుకు ఎక్కడుందో సవరించుకోవాలె. ఆ రన్ లేని ఎస్-2 ఆయుష్షు నేనైతే నమ్మ. ఎస్-1 వేడి దిగడానికి పట్టే అర పికోసెకండ్ కూడా అనుమానమే.

చివరగ, 530 నానోమీటర్ల వైపు కనపడే ఎస్-స్టార్ అనే సిగ్నల్. అది వేరే స్థితా, వేడెక్కిన కింది స్థితా, మెలిక తిరిగిన అణువులా అని పండితులే ఇంకా తేల్చుకోలే. ఒక్క పంప్ శక్తితో, ఒక్క ఉష్ణోగ్రత దగ్గర తీసిన డేటాతో ఎస్-స్టార్ దొరికిందని రాయకుండ్రి.