లైనక్స్ ల్యాప్‌టాప్ 2 శాతం దగ్గర తనంతట తానే ఆగిపోతుంటే

అందరికీ నమస్కారం. బ్యాటరీ పాతబడిన ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, ఫెడోరా లాంటివి వాడేవాళ్లకు ఈ బాధ తెలుసు. ఛార్జింగ్ ఉన్నట్టుండి 2 శాతానికి పడిపోతుంది, మనల్ని అడగకుండానే సిస్టమ్ షట్‌డౌన్ అవుతుంది. బ్యాటరీ అరిగిపోతే శాతం లెక్క తప్పుతుంది. లోపల ఇంకాస్త పవర్ ఉన్నా అయిపోయినట్టే చూపిస్తుంది.

ఆ షట్‌డౌన్ చేయించేది యూపవర్ అనే సర్వీస్, అంటే వెనకాల నడుస్తూ బ్యాటరీని గమనించే ప్రోగ్రామ్. ముందు టెర్మినల్‌లో 'యూపవర్ హైఫన్ డి' కొట్టండి. ఎనర్జీ ఫుల్, ఎనర్జీ ఫుల్ డిజైన్ అని రెండు అంకెలు కనిపిస్తాయి. ఫుల్ ఛార్జ్‌లో బ్యాటరీ ఇప్పుడు ఎంత పట్టగలదో మొదటిది, కొత్తగా ఉన్నప్పుడు ఎంత పట్టాలో రెండోది. మొదటిది రెండోదానిలో సగానికి దిగితే బ్యాటరీ బాగా అరిగినట్టే. రెండూ దగ్గరగా ఉంటే మాత్రం ఈ సెట్టింగ్ ముట్టుకోవద్దనే నేను చెబుతాను.

ఇప్పుడు ఈటీసీ ఫోల్డర్‌లో, యూపవర్ ఫోల్డర్ లోపల ఉన్న యూపవర్ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగ్స్ ఫైల్‌ని సుడోతో, అంటే అడ్మిన్ అనుమతితో, నానో అనే టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. కమాండ్ స్క్రీన్ మీద ఉంది, క్యాపిటల్ అక్షరాలు అలాగే కొట్టాలి. అందులో పర్సెంటేజ్ యాక్షన్ ఈక్వల్స్ 2 అని ఉంటుంది, అంటే 2 శాతం దగ్గర ఆపేయమని. దాన్ని 0 చేయండి.

ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. ఛార్జ్ తగ్గిందని చెప్పే 'పర్సెంటేజ్ లో', మరీ తగ్గిందని చెప్పే 'పర్సెంటేజ్ క్రిటికల్', ఆపేసే 'పర్సెంటేజ్ యాక్షన్', ఈ మూడు అంకెలూ ఎక్కువ నుంచి తక్కువకు దిగుతూ ఉండాలి. క్రిటికల్‌ని కూడా 0 చేశారనుకోండి, యూపవర్ మీ అంకెలన్నీ పక్కనపెట్టి తన పాత లెక్కకే వెళ్లిపోతుంది. మార్చినా పనిచేయలేదంటే ముందు ఇదే చూడండి.

మీటర్ 0 చూపించాక కూడా ల్యాప్‌టాప్ నడవాలంటే, యూపవర్ కొత్త వెర్షన్లలో అదే ఫైల్‌లో, ఛార్జ్ అయిపోయినప్పుడు ఏం చేయాలో చెప్పే క్రిటికల్ పవర్ యాక్షన్‌కి ఇగ్నోర్, అంటే ఏమీ చేయొద్దు, అని పెట్టొచ్చు. దానికి అలౌ రిస్కీ క్రిటికల్ పవర్ యాక్షన్‌ని ట్రూ చేయాలి. పేరులోనే రిస్క్ అని ఊరికే పెట్టలేదండీ. పవర్ ఒక్కసారిగా పోతే, డిస్క్ మీద ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ని, మార్పులను రాసిపెట్టుకునే దాని జర్నల్ కాపాడొచ్చుగానీ, మీరు సేవ్ చేయని డాక్యుమెంట్‌ని కాపాడలేదు. అందుకే ఆటో సేవ్ ఆన్ చేసుకున్నాకే ఇది పెట్టండి.

ఫైల్ సేవ్ చేసి, సిస్టమ్ సీటీఎల్ అనే కమాండ్‌తో యూపవర్‌ని రీస్టార్ట్ చేయండి. మళ్లీ 'యూపవర్ హైఫన్ డి' కొట్టి, చివర్లో క్రిటికల్ యాక్షన్ లైన్ చూడండి. ఇగ్నోర్ పెట్టినవాళ్లకు అక్కడ అదే కనిపించాలి. ఉబుంటులో తర్వాతెప్పుడైనా అప్‌డేట్ వచ్చి ఈ ఫైల్ మార్చమంటారా అని అడిగితే, మీ పాత ఫైల్‌నే ఉంచమని చెప్పండి.