ఇరవై అయిదో వంతు ప్రపంచం

అందరికీ నమస్కారం.

ప్రపంచంలో పేరున్న కట్టడాలను చిన్నవిగా చేసి ఒకే తోటలో నిలబెట్టిన పార్కులు చాలా దేశాల్లో ఉన్నాయి. పిల్లల సరదాకి, ఫొటోలకి తప్ప అవి ఎందుకూ పనికిరావని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. వేర్వేరు ఖండాల కట్టడాలను పక్కపక్కన పెట్టి కళ్లతో కొలిచే అవకాశం మనకు ఇంకెక్కడా దొరకదు. కాకపోతే ఒక షరతు. అన్నిటికీ స్కేల్ ఒక్కటే ఉండాలి.

జపాన్‌లోని నిక్కోలో 1993లో తెరిచిన తోబు వరల్డ్ స్క్వేర్ ఈ షరతుకు కట్టుబడింది. నూటికి పైగా కట్టడాలు, అన్నీ 1:25 స్కేల్‌లోనే, అంటే అసలులో ఇరవై అయిదో వంతు. ఈ లెక్కన 73 మీటర్ల తాజ్‌మహల్ మూడు మీటర్లు కూడా ఉండదు. 330 మీటర్ల ఈఫిల్ టవర్ 13 మీటర్లకు వస్తుంది. 634 మీటర్ల టోక్యో స్కైట్రీ 25 మీటర్లు దాటుతుంది. పుస్తకంలో చదివితే ఇవి ఉత్త అంకెలు. అక్కడ తలెత్తి చూస్తే మాత్రం ఏది ఎంతో చప్పున అర్థమైపోతుంది.

మనుషులూ అదే కొలతలో ఉంటారు, సుమారు ఏడు సెంటీమీటర్ల బొమ్మలు. అసలు చిక్కు చెట్లతోనే. కొమ్మల్ని కత్తిరించి చెట్టును చిన్నగా ఉంచవచ్చు గానీ, ఆకుని మనం అడిగినంత చిన్నది చేయలేం. అందుకే అక్కడ వేల బోన్సాయ్ చెట్లు పెంచుతారు. నీళ్ల సంగతి మరీ కష్టం. నాలుగు మిల్లీమీటర్ల వాన చుక్క ఆ బొమ్మ మనిషి లెక్కలో పది సెంటీమీటర్ల నీటి ముద్ద! ఎండావానలు కూడా స్కేల్ చూసుకుని రావు. గోడ మీద అర మిల్లీమీటరు రంగు పెచ్చు ఊడినా, అసలు కట్టడం మీద సెంటీమీటరుకు పైగా లోతున గార రాలినంత వికారంగా కనిపిస్తుంది. కాబట్టి ఇలాంటి పార్కు కట్టడం ఒక ఎత్తు, దాన్ని రోజూ బాగుచేసుకుంటూ ఉండడం ఇంకో ఎత్తు. ఆ పని చేసేవాళ్లని కళాకారులనే అనాలి.

నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో 1952లో తెరిచిన మదురోడామ్ గురించి చెప్పకుండా ఉండలేను. అందులో ఉన్నవి ఆ దేశపు కట్టడాలే, స్కేల్ మాత్రం ఇదే 1:25. జార్జ్ మదురో అనే యువకుడు నాజీలను ఎదిరించి పోరాడి, పట్టుబడి, 1945లో డాఖౌ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. కొడుకు జ్ఞాపకంగా తల్లిదండ్రులు ఇచ్చిన డబ్బుతో ఆ పార్కు మొదలైంది. తొలి రోజుల్లో వచ్చిన ఆదాయం క్షయ సోకిన విద్యార్థుల శానటోరియానికి వెళ్లేది. బొమ్మల పార్కు అని తీసిపారేసేవాళ్లకి నేను ముందు చెప్పేది ఈ సంగతే.

చైనాలోని షెన్‌జెన్‌లో 1994లో తెరిచిన విండో ఆఫ్ ది వరల్డ్ ఇంకో దారి పట్టింది. అక్కడి ఈఫిల్ టవర్ 108 మీటర్లు, అసలులో దాదాపు మూడో వంతు. మిగతావి వేర్వేరు స్కేళ్లలో ఉన్నాయి. చూడ్డానికి గొప్పగానే ఉంటుంది, కాదనను. కానీ పోల్చి చూసే వీలు పోయింది. నా దృష్టిలో అది పెద్ద నష్టం.

తోబు పార్కులో న్యూయార్క్ జంట టవర్లు ఇప్పటికీ ఉన్నాయి. అసలువి 2001లో కూలిపోయినా నమూనాలను తీసేయలేదు. అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. కట్టడం లేకుండా పోయాక దాని ఆకారం మూడు కొలతల్లోనూ నిలిచి ఉండే చోట్లు ఎన్నో ఉండవు.

ఇలాంటి పార్కు కట్టాలనుకునేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే నావి రెండే కోరికలు. ప్రతి నమూనా దగ్గరా స్కేల్, అసలు ఎత్తు, అసలు కట్టడం ఇప్పుడు ఉందో లేదో రాసిన బోర్డు పెట్టండి. నడిచే దారిని అక్కడక్కడా పల్లానికి దించండి. పైనుంచి చూస్తే కనిపించేవి కప్పులే. బొమ్మ మనిషి కంటి ఎత్తుకి మన కళ్లు దిగితేనే ఆ గోపురం ఎంత పెద్దదో తెలుస్తుంది.