ఉతకడం ఒకెత్తు, ఆరబెట్టడం ఒకెత్తు: విశాఖలో షూ ఇన్‌సోల్స్ కబుర్లు

అందరికీ నమస్కారం అండీ. ఈసారి వ్లాగ్ అమెరికాలోని ఫీనిక్స్ నుంచి కాదు, మా విశాఖపట్నం నుంచి. పిల్లల సెలవులకి ఎంవీపీ కాలనీలో అమ్మానాన్నల దగ్గర ఉన్నాం. చాలామంది ఎప్పటి నుంచో అడుగుతున్న విషయం ఇవాళ మాట్లాడుకుందాం: షూ లోపల పరుచుకుని, ఉతికి మళ్ళీ మళ్ళీ వాడుకునే ఇన్‌సోల్స్. ఏవి కొనాలి, కాలికి తగ్గట్టు ఎలా కోసుకోవాలి, ఎలా ఉతకాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎలా ఆరబెట్టాలి.

నేను ఫార్మసీలో రోజంతా నిలబడి పనిచేస్తాను కాబట్టి ఇవి లేకుండా నాకు గడవదు. ఈసారి నాన్నగారికీ మా పిన్ని కొడుక్కీ కూడా అక్కడి నుంచి తెచ్చాను. ఇక్కడికి వచ్చాక బాగా తెలిసింది ఏంటంటే, ప్యాకెట్ మీద ‘వాషబుల్’ అని ఉన్నంత మాత్రాన అది మన ఊరికి పనికొస్తుందని కాదు. ఫీనిక్స్ ఎడారి ఊరు. తడి ఇన్‌సోల్‌ని నీడలో పెట్టినా గంటల్లో గలగల్లాడుతుంది. విశాఖలో ఆగస్టులో గాలిలో తేమ 80 శాతం దగ్గర ఉండడం మామూలే. డాబా మీద నిన్న సాయంత్రం ఆరేసిన జీన్స్ ఇప్పటికీ నడుము దగ్గర తడిగానే ఉంది, చూడండి. అలాంటి గాలిలో వేలెడు మందం ఫోమ్ ఎప్పటికి ఆరాలి? అందుకని నా మాట ఒకటే: ఉతకడానికి వీలుందా అని కాకుండా, మీ ఇంట్లో ఒక్క రాత్రిలో ఆరుతుందా అని చూసి కొనుక్కోండి.

ఎందుకు అంత పట్టుబడుతున్నానో చెప్తాను. అరికాళ్ళలో చెమట గ్రంథులు చాలా ఎక్కువ. రెండు పాదాలకీ కలిపి సుమారు 2.5 లక్షలు ఉంటాయని చెప్తారు. ఆ చెమటకి దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. చర్మం మీద ఉండే బ్యాక్టీరియా చెమటలోని లూసిన్ లాంటి అమైనో ఆమ్లాలని విడగొట్టి ఐసోవలెరిక్ యాసిడ్‌ని వదులుతుంది. షూ విప్పగానే ముక్కుకి తగిలే ఆ పులిసిన వాసన దానిదే. ఆ బ్యాక్టీరియాకి కావలసింది వెచ్చదనం, తడి. సగం ఆరిన ఇన్‌సోల్‌ని తీసుకెళ్ళి మూసి ఉన్న షూలో పెట్టామంటే ఆ రెండూ మన చేతులతో మనమే ఇచ్చినట్టు. అంతకంటే ఉతక్కుండా పొడిగా ఉంచిందే నయం.

ఇప్పుడు రకాలు చూద్దాం. కెమెరా కొంచెం కిందకి తిప్పుతున్నాను.

ఇది టెర్రీ కాటన్, అంటే తువ్వాలు గుడ్డే. పైన నూలు ఉచ్చులు, కింద జారకుండా పల్చటి గ్రిప్. సాక్సులు లేకుండా బెల్లీలు, లోఫర్లు వేసుకునే ఆడవాళ్ళకి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. నెట్ బ్యాగ్‌లో వేసి బట్టలతో పాటు మెషీన్‌లో వేసేయొచ్చు. పల్చన కాబట్టి విశాఖలో కూడా ఫ్యాను కింద తెల్లారేసరికి ఆరిపోతుంది. అయితే మెత్తదనం గానీ, పాదానికి ఆసరా గానీ దీని నుంచి ఆశించకండి. దీని పని చెమట పీల్చుకోవడమే. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ మాత్రం వద్దు. అది నూలు మీద పూతలా పట్టేసి, నీళ్ళు పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది.

ఇది ఈవీఏ, అంటే తేలికైన ఒక రకం ప్లాస్టిక్ ఫోమ్. చాలా స్పోర్ట్స్ షూలలో వచ్చేది ఇదే. ఇందులో గాలి బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి కాబట్టి నీళ్ళు లోపలికి పెద్దగా పోవు. తడిసేది పైన అతికించిన గుడ్డ ఒక్కటే. మన సముద్రతీరం ఊళ్ళకి రోజూ నడిచేవాళ్ళు ఎవరైనా అడిగితే నేను కళ్ళు మూసుకుని దీన్నే చెప్తాను. తేలిక, ఉతకడం సులువు, ఆరడం సులువు. ఎండ, వేడి మాత్రం దీనికి పడవు. అదిగో, డాబా పిట్టగోడ మీద నాన్నగారి పాత జత కనిపిస్తోంది కదా, వేళ్ళ వైపు పైకి లేచి ముడుచుకుపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే అలాగే అవుతుంది, గుడ్డకి వేసిన జిగురు కూడా ఊడొస్తుంది. ఫీనిక్స్‌లో వేసవిలో కారు డిక్కీలో షూలు వదిలేసినా ఇదే పరిస్థితి.

మెమరీ ఫోమ్ సంగతి వేరు. షాపులో బొటనవేలితో నొక్కితే ఎంత హాయిగా ఉంటుందో! కానీ దాని రంధ్రాలన్నీ ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి, నీళ్ళు లోపలంటా దిగిపోతాయి. బకెట్‌లో ముంచితే ఈ తేమలో రెండు రోజులైనా లోపలి తడి పోదు. పైకి ఆరినట్టు కనిపించడమే దీనితో ఉన్న ప్రమాదం. అలాంటివి మీ దగ్గర ఇప్పటికే ఉంటే పారేయక్కర్లేదు. ముంచకుండా, సబ్బు నీళ్ళలో పిండిన గుడ్డతో పైపైన తుడవండి చాలు. తోలు ఇన్‌సోల్స్‌కీ అంతే. తోలుని నానబెడితే ఆరాక గట్టిపడి బీటలు వారుతుంది. జెల్ వాటికి గుడ్డ లేకపోతే కుళాయి కింద కడిగేయొచ్చు, బాధ లేదు. కాకపోతే బరువుగా ఉంటాయి, చెమట పీల్చవు.

మెత్తదనం గురించి ఒక మాట చెప్పాలి. మా వదిన ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసింది. 32 కిలోమీటర్లు, ఉత్త కాళ్ళతో. అప్పటి నుంచి పొద్దున్నే మంచం దిగి అడుగేస్తే మడమలో పొడిచినట్టు ఉంటోందట. ‘బాగా మెత్తటిది ఉంటే ఇవ్వమ్మా’ అని అడిగింది. మరీ మెత్తటిది మన బరువుకి పూర్తిగా అణిగిపోతుంది, అప్పుడు పాదం మధ్య వంపుకి ఆసరా ఉండదు. అలాంటి నొప్పికి మడమ దగ్గర గిన్నెలా లోతుగా ఉండి, వంపు దగ్గర కాస్త గట్టిగా పట్టి ఉంచేది మేలు. వారాల తరబడి తగ్గకపోతే ఇన్‌సోల్స్ మారుస్తూ కూర్చోకుండా ఎముకల డాక్టర్‌కి చూపించుకోవాలి. వదినని వచ్చే వారం నేనే తీసుకెళ్తున్నాను.

ఇక సైజు. అమెరికా నుంచి తెచ్చేవాళ్ళు ఇక్కడ జాగ్రత్త. మన ఇండియా షూల మీద ఎక్కువగా ఉండేది యూకే నంబరు. నాన్నగారు ‘నాది ఎనిమిది’ అంటే అమెరికా ప్యాకెట్ మీద మగవాళ్ళది 9 చూడాలి. ఆడవాళ్ళకైతే తేడా దాదాపు రెండు నంబర్లు. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది కాబట్టి, ఒక సైజు పెద్దది తీసుకుని కోసుకోవడమే నయం.

కోసే పని పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే ఒక పెద్దాయనతో చేయించాం. ఆయన చేతిపని చూస్తూ అక్కడే నిలబడిపోయాను. “ఏటమ్మా, ముందు షూలో ఉన్న పాత సోలు తీసీండి. కొత్తదాని మీద పాతదాన్నెట్టి ఊరికే కొయ్యకూడదు, మడమలు కలిపి గీత గియ్యాలి. ఏళ్ళ కాడే కొయ్యాలి, మడమ కాడ కత్తెరెట్టకూడదు,” అన్నాడు. గీత మీద కోయలేదు, గీతకి బయటగా కోశాడు. షూలో పెట్టి చూసి, తీసి, మళ్ళీ ఒక్క నూలంత కోశాడు. తగ్గించడం ఎప్పుడైనా చెయ్యొచ్చు గానీ కోసింది అతకదు కదా. చివరంచు ముడుచుకోకుండా చదునుగా కూర్చుందో లేదో వేలు పెట్టి తడిమి మరీ ఇచ్చాడు. ఇంత శ్రద్ధగా చేసే మనిషి మీ వీధి చివర ఉంటే ఆయన దగ్గరికే వెళ్ళండి.

పాత సోలు తియ్యకుండా దాని మీదే కొత్తది వేస్తే పాదం పైకి లేచిపోతుంది. మడమ షూ లోంచి జారుతుంది, వేళ్ళకి పైన ఒరుసుకుంటుంది. పాతది జిగురుతో అతికి ఉండి ఊడకపోతే, పైన వేసేది పల్చటిదే ఎంచుకోండి. వేసి చూసుకోవడం సాయంత్రం పూట చేయండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి.

మా పిన్ని కొడుకు స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తాడు. వాడికి తెచ్చిన జత డ్యూటీ షూలో వెయ్యొద్దని ఆపేశాను. సేఫ్టీ షూలని పరీక్షించి సర్టిఫై చేసేది అందులో వచ్చిన ఇన్‌సోల్‌తో కలిపే. మనం వేరేది పెడితే ముందున్న స్టీల్ టోపీ కింద వేళ్ళకి జాగా తగ్గుతుంది. యాంటీస్టాటిక్ రకమైతే, అంటే ఒంట్లో చేరే స్థిర విద్యుత్తుని నేలలోకి పంపేసేదైతే, ఆ గుణమే పోవచ్చు. ఆ షూ కంపెనీ తమ షూకి తగినదని చెప్పిన ఇన్‌సోలే అందులో వెయ్యాలి. స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, పోర్టు, ఫార్మా కంపెనీలు ఉన్న ఊరు మనది. మీ ఇంట్లో అలాంటి డ్యూటీ చేసేవాళ్ళుంటే ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

నాన్నగారి నడక బీచ్ రోడ్డు మీద. పొద్దున్నే ఆ రోడ్డు మీద వాహనాలు ఆపేసి నడిచేవాళ్ళకి వదిలేస్తారు కదా, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్ళి వెనక్కి వస్తారు. మనవలు తోడుంటే ఇసకలోకి దిగక తప్పదు. అక్కడ వస్తుంది అసలు చిక్కు. సముద్రపు నీళ్ళు తగిలిన ఇన్‌సోల్‌ని ఊరికే ఆరబెడితే ఉప్పు అందులోనే ఉండిపోతుంది. ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది కాబట్టి పొద్దున ఆరినట్టున్నది సాయంత్రానికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది. సబ్బు పెట్టే ముందే మంచి నీళ్ళలో రెండు మూడు సార్లు జాడించాలి. ఇసక రేణువులు అడుగున చేరితే నడిచిన ప్రతిసారీ గుడ్డని కొరికేస్తాయి. అందుకని ఇన్‌సోల్ తీసి షూని కూడా బోర్లించి దులపండి.

ఉతకడం చెప్తాను. గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా బట్టల లిక్విడ్, పాత టూత్‌బ్రష్. మడమ దగ్గర, వేళ్ళ దగ్గర నల్లగా ఉన్నచోట గుండ్రంగా రుద్దండి. మామూలుగా వేడినీళ్ళు వద్దు, బ్లీచ్ వద్దు. నురగ పూర్తిగా పోయేదాకా జాడించండి, సబ్బు మిగిలితే అదే జిడ్డై మురికిని పట్టుకుంటుంది. పిండకండి, మెలితిప్పితే లోపలి పొరలు విడిపోతాయి. పొడి తువ్వాలు మధ్యలో పెట్టి, చుట్ట చుట్టి, పైన చేతులతో గట్టిగా అదమండి. సగం నీళ్ళు అక్కడే పోతాయి, విశాఖలో ఈ మెట్టు మాత్రం వదలొద్దు. తర్వాత ఫ్యాను గాలి తగిలేలా గోడకి నిలబెట్టండి, పడుకోబెడితే అడుగు ఆరదు. మా అమ్మ పాత్రల స్టాండులో ప్లేట్లు నిలబెట్టే వరసలో పెట్టింది, రెండు వైపులా గాలి ఆడుతోంది, నాకు భలే నచ్చింది. ఏసీ గది ఉంటే ఇంకా మేలు, అక్కడ గాలి పొడిగా ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్ వాడకండి. ఆరిందో లేదో తెలియాలంటే మధ్యలో టిష్యూ పేపర్ పెట్టి బరువుగా నొక్కండి. పేపర్‌కి చెమ్మ తగిలిందంటే ఇంకా సమయం కావాలి.

ప్రతివారం ఉతకలేనివాళ్ళు రాత్రిపూట వంట సోడా చల్లి పొద్దున్నే దులిపేయొచ్చు, వాసన తగ్గుతుంది. వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి తుడిచినా పనిచేస్తుంది. ఆ రెండూ ఒకేసారి కలపకండి, ఒకదాన్ని ఒకటి చంపేసుకుంటాయి, మీకు మిగిలేది నురగ. అన్నిటికంటే మంచి ఉపాయం, ఇంటికి రాగానే ఇన్‌సోల్‌ని షూలోంచి తీసి బయట పెట్టడం. వీలైతే రెండు జతలు పెట్టుకుని మార్చి మార్చి వేసుకోండి.

వేళ్ళ సందుల్లో దురద, తెల్లగా నానినట్టు ఉండి పొట్టు లేస్తుంటే అది ఫంగస్ కావచ్చు. టెర్రీ కాటన్‌వి 60 డిగ్రీల నీళ్ళలో ఉతికితే వాటిలో చేరిన ఫంగస్ చాలా వరకు పోతుంది, అంత వేడికి తట్టుకుంటుందని లేబుల్ మీద ఉంటేనే. ఈవీఏ ఆ వేడికి ఆగదు. మందు వాడి కాలు నయమయ్యాక ఆ జత తీసేసి కొత్తది వేసుకోండి.

నాన్నగారికి షుగర్ ఉంది, అందుకే ఈ చివరి విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గొచ్చు. ఇన్‌సోల్‌లో చిన్న మడత, ఒక ఇసక రాయి ఉన్నా తెలియదు. పుండు పడ్డాక గానీ కనిపించదు. రోజూ షూ వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడాలి. విప్పాక అరికాలు చూసుకోవాలి, వంగలేకపోతే అద్దంలోనైనా. తడి ఇన్‌సోల్ అసలే వద్దు. స్పర్శ తగ్గిందని డాక్టర్ చెప్పినవాళ్ళు షాపులో దొరికే రకాలు కాకుండా, ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బర్) అనే మెత్తటి రబ్బరు పరిచిన చెప్పులో షూలో, వాళ్ళ పాదం కొలతకి చేసిన ఇన్‌సోలో డాక్టర్‌ని అడిగి తీసుకోవాలి. నొక్కితే తిరిగి లేవకుండా గుంట పడిపోయినా, పై గుడ్డ ఉండలు కట్టినా, అంచు ముడుచుకున్నా, ఇంకొన్నాళ్ళు వస్తుందిలే అనుకోకుండా ఆ రోజే మార్చేయండి. నాన్నగారి పాత జత ఆ పిట్టగోడ మీద నుంచి ఇప్పుడే తీసేస్తున్నాను.