లావా కింద ఓడరేవు

శ్రోతలకు నమస్కారం.

స్పెయిన్ దేశానివే అయినా, ఆఫ్రికా తీరానికి దగ్గరగా అట్లాంటిక్ మహాసముద్రంలో ఉంటాయి కానరీ దీవులు. వాటిలో పెద్దది టెనెరిఫే. ఆ దీవి ఉత్తర తీరాన, నిట్టనిలువు కొండకూ సముద్రానికీ నడుమ ఉన్న ఇరుకు చోటులో గరాచికో అనే ఊరుంది. వచ్చినవాళ్లు చాలామంది నేరుగా ఒడ్డుకు పోయి, నల్లరాళ్ల మధ్య మడుగుల్లో ఈత కొట్టి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. మీరు వెళితే మాత్రం ముందు ఊళ్లో ఉన్న ఒక చిన్న తోట చూడండి.

ఆ తోట వీధికన్నా పల్లంలో ఉంటుంది. కిందికి దిగితే చెట్ల నీడలో ఒక రాతి ద్వారం కనిపిస్తుంది. పేరు ప్యుయెర్తా దె తియెర్రా. ఒకప్పుడు ఓడ దిగిన సరుకూ మనుషులూ ఈ గుమ్మం దాటే ఊళ్లోకి వచ్చేవారు. ఇప్పుడు అక్కడ నిలబడి ఎటు చూసినా రేవు ఆనవాలే లేదు. నేల పైకి లేచింది, సముద్రం దూరం జరిగింది.

టెనెరిఫేలో ఒకప్పుడు ముఖ్యమైన రేవు ఇదే. 15వ శతాబ్దం చివర్లో ఇటలీలోని జెనోవా నగరపు వ్యాపారి క్రిస్తోబల్ దె పోంతె ఇక్కడ స్థిరపడి ఊరికి పునాది వేశాడు. మొదట చక్కెర, ఆ తర్వాత మాల్వసియా ద్రాక్ష వైన్ ఇక్కడినుంచి ఐరోపాకు ఓడలెక్కాయి. ఆ వైన్ మీద ఈ ఊరివాళ్లకు ఎంత పట్టుదలో 1666లో తెలిసింది. కానరీ వైన్ వ్యాపారమంతా తమ గుప్పిట్లో పెట్టుకుని, ధర తామే నిర్ణయించాలని లండన్ వర్తకులు ఒక కంపెనీ పెట్టారు. కడుపు మండిన జనం గిడ్డంగుల మీద పడి, పీపాలు పగలగొట్టి, వైన్‌ను వీధుల్లో పారబోశారు. చవగ్గా అమ్ముకోవడంకన్నా నేలపాలు చేయడమే నయమనుకున్న ఆ తెగువంటే నాకు చాలా గౌరవం.

1706 మే నెలలో ఊరి పైనున్న కొండల్లో అగ్నిపర్వతం బద్దలైంది. లావా ముదురు బెల్లం పాకంలా పాయలుగా కొండ దిగి, ఇళ్లను కాల్చి, రేవును పూడ్చేసింది. లావా మెల్లగా రావడంతో జనం తప్పించుకోగలిగారు. పోయింది బతుకుతెరువు. ఓడల రాకపోకలు వేరే రేవులకు మళ్లాయి.

అయినా ఊరు ఖాళీ కాలేదు. చల్లారిన లావా మీదే మళ్లీ ఇళ్లు లేచాయి, వీధులు పడ్డాయి. సముద్రం ఒడ్డున 16వ శతాబ్దపు సాన్ మిగెల్ కోట మాత్రం అప్పటిలాగే నిలిచి ఉంది. చిన్నదే, నాలుగు పలకలుగా ఉంటుంది. గుమ్మం పైన రాతిలో చెక్కిన రాజచిహ్నాలను దగ్గరికెళ్లి చూడండి.

కోట ముందే ఎల్ కాలెతోన్. లావా సముద్రంలోకి దూకి గడ్డకట్టిన చోటు. రాళ్ల నడుమ దారులూ మెట్లూ కట్టారు. గుంటల్లో నిలిచిన సముద్రపు నీటిలో పిల్లలు మునకలేస్తుంటారు. తోటలోని ద్వారం చూసి వచ్చినవాళ్లకు ఆ నల్లరాయి వట్టి రాయిలా కనిపించదు. కెరటాలు ఎగసిపడే రోజుల్లో మడుగుల్లోకి దిగడం ప్రమాదం, అప్పుడు దారులు మూసేస్తారు. అలాంటి రోజైతే పైనుంచే చూసి, ఊళ్లోని సాంతా ఆనా చర్చికి వెళ్లండి.