పొలిటికల్ సైన్స్ చదివితే డబ్బులొస్తాయా?

నమస్తే అండీ. ఇంటర్‌లో సీఈసీయో హెచ్ఈసీయో చదివిన పిల్లలు "బీఏ పొలిటికల్ సైన్స్ తీసుకుంటా" అనగానే ఇంట్లో ఒకరు "ఏం, ఎమ్మెల్యే అవుతావా?" అంటారు. కొంచెం ఆశ ఉన్నవాళ్లయితే "పోనీలే, ఐఏఎస్‌కి పనికొస్తుంది" అంటారు. నెలకు ఎంతొస్తుంది, ఎన్నో ఏట నుంచి వస్తుంది అని మాత్రం ఎవరూ అడగరు. ఇవాళ ఆ లెక్కే చూద్దాం. దేశసేవ సంగతి ఇంకో వీడియోలో మాట్లాడుకుందాం.

తెలంగాణలో ఏదో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ అనుకోండి. సెకండియర్ సివిక్స్ క్లాసు. బోర్డు మీద ప్రాథమిక హక్కులు, ఆర్టికల్ 32. పాఠం చెబుతున్నాయన ఎం.ఏ. పొలిటికల్ సైన్స్. గెస్ట్ లెక్చరర్ అయితే ఆయనకు పీరియడ్‌కి 390 రూపాయలు. నెలకు 72 పీరియడ్లు మించకూడదు. ఎంత గొంతు చించుకున్నా 28,080 దగ్గర ఆగిపోతుంది. సెలవులొస్తే పీరియడ్లు లేవు, పీరియడ్లు లేకపోతే డబ్బుల్లేవు. ఆ వచ్చేదైనా నెలనెలా టైముకి పడుతుందా అని మాత్రం వాళ్లని అడక్కండి, పాపం.

అదే గదిలో, అదే పాఠాన్ని, అదే ఎం.ఏ. చేసిన రెగ్యులర్ జేఎల్, అంటే పర్మనెంట్ జూనియర్ లెక్చరర్ చెబితే? 2022 నోటిఫికేషన్‌లో ఇచ్చిన స్కేలు 54,220 నుంచి 1,33,630. దాని మీద డీఏ, హెచ్ఆర్ఏ అదనం. ఇద్దరి సర్టిఫికెట్ ఒకటే, జీతం మాత్రం రెండింతల తేడా. కాబట్టి "ఈ డిగ్రీకి ఎంతొస్తుంది" అంటే ఒక్క అంకె చెప్పలేం. నోటిఫికేషన్ ఎప్పుడు పడింది, పడినప్పుడు నీ వయసెంత, అప్పటిదాకా ఇంట్లో పోషించే స్తోమత ఉందా, ఇవన్నీ కలిస్తేనే జవాబు.

ఎందుకంటే ఆ నోటిఫికేషన్ సంగతే చూడండి. అన్ని సబ్జెక్టులకీ కలిపి 1,392 జేఎల్ పోస్టులు, 2022 డిసెంబర్‌లో వచ్చింది. నియామక పత్రాలు చేతికొచ్చేసరికి 2025 మార్చి. రెండేళ్ల పైమాటే. డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచర్ పోస్టుల దారి పట్టి సోషల్ మెథడాలజీతో బీఈడీ చేసినవాళ్లదీ ఇదే కథ. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ భర్తీ జరిగింది 2024లో. ఆంధ్రాలో 2018 తర్వాత 2025లో, 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ. మధ్యలో ఏడేసి ఏళ్లు!

నా ఉద్దేశంలో ఈ చదువుకి అసలు ఖర్చు ఇక్కడే ఉంది. ప్రభుత్వ కాలేజీలో బీఏ ఫీజు ఎవరినీ అప్పులపాలు చెయ్యదు. అప్పు చేయించేది అశోక్‌నగర్, హైదరాబాద్‌లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్ల అడ్డా. హాస్టల్, కోచింగ్, టెస్ట్ సిరీస్, జిరాక్సులు, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే పరుగు, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం. అక్కడ గడిపే ప్రతి ఏడాదీ సంపాదించకుండా పోయిన ఏడాదే. ఇంట్లోవాళ్లు పంపిన డబ్బు లెక్కేస్తారు గానీ, రాకుండా పోయిన జీతాన్ని ఎవరూ లెక్కెయ్యరు.

"సివిల్స్‌లో ఈ సబ్జెక్టుకి డిమాండ్ కదా" అంటారా? నిజమే. ఆప్షనల్‌గా, అంటే మెయిన్స్‌లో మనం ఎంచుకునే సబ్జెక్టుగా తీసుకుంటే రెండు పేపర్లు, 500 మార్కులు. మెయిన్స్ రాతపరీక్ష మొత్తమే 1750. 2022 టాపర్ ఇషితా కిషోర్, 2024 టాపర్ శక్తి దూబే, ఇద్దరి ఆప్షనల్ పొలిటికల్ సైన్సే. కానీ ఇషిత డిగ్రీలో చదివింది ఎకనామిక్స్. శక్తి దూబేది బయోకెమిస్ట్రీ. మన మెట్‌పల్లి కుర్రాడు అనుదీప్ 2017లో ఫస్ట్ ర్యాంకు కొట్టాడు, ఆయన ఇంజినీరు, ఆప్షనల్ ఆంత్రపాలజీ. తేలిందేంటి? సబ్జెక్టుకి విలువుంది, డిగ్రీకి రిజర్వేషన్ లేదు. బీటెక్ చదివి, మూడేళ్లు ఉద్యోగం చేసి, నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చినవాడు కూడా నీ పక్క సీట్లోనే కూర్చుని అదే పేపర్ రాస్తాడు. రాకపోతే వాడు వెనక్కి వెళ్లి ఉద్యోగం చూసుకుంటాడు.

ఈమధ్య ఎన్నికల కన్సల్టెన్సీల మాట బాగా వినిపిస్తోంది. 2019లో జగన్ గారికి ఐప్యాక్, 2023లో తెలంగాణ కాంగ్రెస్‌కి సునీల్ కనుగోలు, 2024లో తెలుగుదేశానికి రాబిన్ శర్మ. అక్కడ డబ్బు ఉంది, కాదనను. అయితే బూత్‌ల వారీ ఓట్లని ఎక్సెల్‌లో పెట్టి, ఏ మండలంలో ఎందుకు పోయిందో చెప్పగలిగినవాడికి ఉంది. రూసో, లాక్ సిద్ధాంతాలు అప్పజెప్పేవాడికి లేదు. పైగా కౌంటింగ్ అయిపోయిందంటే చాలామందికి పని కూడా అయిపోయినట్టే.

అమెరికా ఆలోచన ఉంటే ఒక్క ముక్క. అక్కడ మామూలు పొలిటికల్ సైన్స్ మాస్టర్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో లేదు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి చదువయ్యాక ఓపీటీ (విద్యార్థులకి ఇచ్చే పని అనుమతి) మీద మూడేళ్లు పనిచేసే వీలుంటే, మీకు పన్నెండు నెలలే. బ్యాంకు లోన్‌తో వెళ్లేవాళ్లకి ఆ గడువు చాలదు. ఫుల్ ఫండింగ్‌తో పీహెచ్‌డీ వస్తే అప్పుడు వెళ్లండి.

మరి ఈ సబ్జెక్టు చదివినందుకే, వేరే సబ్జెక్టు వాళ్లతో పోటీ లేకుండా, డబ్బులిచ్చే చోటు ఏదైనా ఉందా అంటే ఉంది. యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్ష. అందులో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత మూడేళ్లు 42,000. కూడితే ఐదేళ్లకు సరిగ్గా 24 లక్షలు, హెచ్ఆర్ఏ కాకుండా. ఎం.ఏ. ఆఖరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు, ఏడాదికి రెండుసార్లు పెడతారు. జనరల్ అబ్బాయిలకి జేఆర్ఎఫ్ వయసు 30 దాకా, అమ్మాయిలకీ, బీసీ, ఎస్సీ, ఎస్టీలకీ ఇంకో ఐదేళ్లు సడలింపు. గ్రూప్స్ పుస్తకాలు తర్వాత కొనుక్కోవచ్చు, ఎం.ఏ.లో చేరినవాళ్లు ముందు ఈ సిలబస్ డౌన్‌లోడ్ చేసుకోండి.